ఇంటి పొదుపు ఎవరి బాధ్యత?

సర్వ ప్రశంసలూ అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన మనల్ని సృష్టించాడు, మన నోటికి అన్నం అందించాడు, మన తలలపై నీడ నిలిపాడు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైన, వారి కుటుంబీకుల పైన, సహచరుల పైన శాంతీ శుభాలు కురియుగాక! అమ్మా బాద్.

ప్రియమైన ధార్మిక సోదరులారా! ఇళ్ళలో మైకు ద్వారా ఈ మాటలు వింటున్న తల్లులారా, సోదరీమణులారా!

గత శుక్రవారం నమాజు ముగిశాక పదేళ్ళ బాలుడొకడు మా దగ్గరకు వచ్చి, నోటు పుస్తకం నుండి చించిన కాగితం ఒకటి మా చేతిలో పెట్టి పరుగెత్తిపోయాడు. సగం ఉర్దూలో, సగం తెలుగులో వ్రాసిన ఆ చీటీలో ఒక సోదరి ఇలా అడిగారు: "హజ్రత్! ఆడవాళ్ళు దుబారా చేయకూడదని మీరు తరచూ చెబుతారు. నేను బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు పోస్తాను. పాత చీరలతో బొంతలు కుడతాను. రాత్రి మిగిలిన అన్నం పొద్దున పోపు పెడతాను. మా ఆయన మాత్రం నడుస్తున్న బండిని అమ్మి వాయిదాల మీద కొత్తది తెచ్చారు. వారానికి రెండుసార్లు ఫోనులో బిర్యానీ తెప్పిస్తారు. అడిగితే 'సంపాదించేది నేను' అంటారు. పొదుపు నా ఒక్కదానికే ఫర్జా?"

ఆ సోదరి ఎవరో మేము విచారించలేదు. మీరూ విచారించవద్దు. ఆ చీటీ తన ఇంటి నుండే వచ్చిందని మనలో ప్రతి పురుషుడూ భావించుకోవాలి. నేటి ప్రసంగం ఆ ప్రశ్నకు సమాధానం. ఆలస్యంగా ఇస్తున్న సమాధానమని కూడా ఒప్పుకుంటున్నాము.

సోదరులారా! ముందుగా పొదుపు అంటే ఏమిటో తెలుసుకుందాం. దివ్య ఖుర్ఆన్ ఖర్చు విషయంలో మనకు రెండు గోతులను చూపి, వాటి నడుమ ఉన్న బాటను చూపింది. ఒక గొయ్యి దుబారా. తినమనీ త్రాగమనీ అనుమతిస్తూనే, హద్దు మీరవద్దని అల్లాహ్ హెచ్చరించాడు. ధనాన్ని విచ్చలవిడిగా వెదజల్లేవారిని షైతానుల సోదరులుగా పేర్కొన్నాడు. రెండో గొయ్యి పిసినారితనం. చేతిని మెడకు కట్టేసుకున్నట్లు ముడుచుకోవద్దని కూడా ఆయనే ఆదేశించాడు. ఈ రెండింటి మధ్య నడిచేవారే కరుణామయుని దాసులని అల్ ఫుర్ఖాన్ సూరా తెలుపుతోంది. ఈ ఆదేశాలలో ఏదీ కేవలం స్త్రీలనుద్దేశించినది కాదు. నమాజు ఎవరిపై విధిగా ఉందో, మితవ్యయం కూడా వారందరిపైనా ఉంది.

అయితే పొదుపరికీ పిసినారికీ తేడాను గుర్తించేదెలా? బయటికి ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. ఇద్దరి ఇంట్లోనూ దీపం అనవసరంగా వెలగదు. ఇద్దరూ పాత చొక్కాకు గుండీ కుట్టుకుని తొడుక్కుంటారు. తేడా ఒక్క ప్రశ్నలో ఉంది: మిగిలినది ఎవరికి చేరుతోంది? పిసినారి మిగిల్చినది పెట్టెలోకి పోతుంది. పొదుపరి మిగిల్చినది మరొకరి ఇంటికి నడిచిపోతుంది. దైవప్రవక్త (స) తన సహచరుడు హజ్రత్ అబూజర్ (రజి)కు చేసిన ఉపదేశం చూడండి. పులుసు వండేటప్పుడు నీళ్ళు కొంచెం ఎక్కువ పోసి, పొరుగింటివారికి కూడా అందించమన్నారు. ఎంత చిన్న మాట, ఎంత పెద్ద గృహశాస్త్రం! ఆ నీళ్ళు కేవలం ఖర్చు తగ్గించడానికి కాదు. ఉన్న మాంసంతోనే మరో ఇంటి పళ్ళెం నిండడానికి.

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల్లో యాభై ఏళ్ళు దాటిన వారందరూ అటువంటి ఇళ్ళను చూసినవారే. ఇప్పుడు వెంచర్లు, గోదాములు లేచిన నేలలో అప్పుడు ద్రాక్ష తోటలు, వరి మడులు ఉండేవి. మా అమ్మీజాన్ బియ్యాన్ని చాటతో చెరిగి, నూకలను వేరే డబ్బాలో పోసేవారు. ఆ నూకలు ఒకనాడు జావ అయ్యేవి, మరొకనాడు కోళ్ళకు మేత అయ్యేవి. తవుడు, కుడితి పొరుగింటి గేదెకు వెళ్ళేవి. సాయంత్రం ఆ ఇంటి నుండి మా ఇంటికి చెంబెడు మజ్జిగ వచ్చేది. చింతచిగురు వచ్చే కాలంలో దాన్ని ఎండబెట్టి దాచేవారు. ఎండిన రొట్టెలను నలిపి, బెల్లం కలిపి మలీద చేసేవారు. చీర పాతబడితే బొంత, బొంత పాతబడితే పసిపిల్లల పక్కగుడ్డ, అదీ చిరిగితే పొయ్యి దగ్గర మసిగుడ్డ. బక్రీదు నాడు మాంసంలో కొంత ఉప్పూ పసుపూ పట్టించి తాడు మీద ఆరేసేవారు. తోలు మదరసాకు వెళ్ళేది. తలకాయ, కాళ్ళు ఎవరికి ప్రీతో వారికి వెళ్ళేవి. జంతువులో పారేసేది దాదాపు ఏమీ ఉండేది కాదు.

ఇక్కడ మీకు ఒక హదీసు గుర్తుచేయాలి. హజ్రత్ మైమూనా (రజి) ఇంటివారికి సంబంధించిన ఒక గొర్రె చనిపోయి పడివుండగా దైవప్రవక్త (స) చూశారు. దాని తోలును శుద్ధిచేసి ఎందుకు వాడుకోలేదని అడిగారు. అది చనిపోయిన జంతువు కదా అని వారు విన్నవించగా, నిషేధం తినడానికే పరిమితమని వివరించారు. చచ్చిన గొర్రె తోలును కూడా వృధా కానివ్వని ప్రవక్త (స) అనుచరులం మనం. ఇటీవలి సంవత్సరాల్లో తోలు ధర పడిపోయిందని ఖుర్బానీ తోళ్ళను వీధి మూలల్లో వదిలేసేవారిని చూస్తున్నాము. ధర లేని వస్తువుకు విలువ కూడా లేదనుకోవడమే మన కాలపు పెద్ద పొరపాటు.

మా అమ్మీజాన్ చేసిన మరొక పని చెప్పాలి. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ, కొలిచిన బియ్యం నుండి ఒక పిడికెడు తీసి మట్టి కుండలో వేసేవారు. దాన్ని 'ముఠ్ఠీ చావల్' అనేవారు. నెల నిండాక ఆ కుండ మదరసా పిల్లలదో, భర్తను కోల్పోయిన స్త్రీదో అయ్యేది. తరువాత మేమే మదరసా విద్యార్థులమయ్యాము. వారానికొకసారి బస్తా భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి ఆ పిడికిళ్ళను పోగుచేసేవాళ్ళం. ఆ బస్తాలో సన్న బియ్యం, దొడ్డు బియ్యం, పాత బియ్యం, కొత్త బియ్యం అన్నీ కలిసి ఉండేవి. అన్నం కొంత మెత్తగా, కొంత పలుకుగా ఉడికేది. మేము నేర్చుకున్న ప్రతి హదీసు వెనుక పేరు తెలియని స్త్రీల పిడికిళ్ళు ఉన్నాయి. ఈ మింబరుపై నిలబడి స్త్రీలకు పొదుపు బోధించేటప్పుడు ఆ సంగతి మరచిపోయామంటే అది మా కృతఘ్నత.

అయినప్పటికీ సోదరులారా, పాతకాలాన్ని బంగారు పూత పూసి చూపడం న్యాయం కాదు. ఆ ఇళ్ళలో మరో విషయమూ ఉండేది. మగవారు తిన్నాక పిల్లలు, పిల్లలు తిన్నాక ఆడవారు. కూరలో ముక్కలు మొదటి పంక్తిలోనే అయిపోయేవి. అమ్మీజాన్ పళ్ళెంలో పులుసు మాత్రమే ఉండడం మేము చిన్నతనంలో ఎన్నోసార్లు చూశాము. "నాకు ముక్కలు ఇష్టం లేవు బేటా" అనేవారు. పెద్దయ్యాక ఒక పెళ్ళిలో ఆమె మాంసం ఎంత ఇష్టంగా తిన్నారో చూసి, ఆ మాటకు అర్థం గ్రహించాము. అది పొదుపు కాదు. అది ఒకరి ఆకలి మీద మిగతావారు కట్టుకున్న సౌకర్యం. పాతకాలపు గృహనిర్వహణను మళ్ళీ తెచ్చుకుందాం. కానీ దానిలోని అన్యాయాన్ని దానితోపాటు తెచ్చుకోవద్దు.

ఈ విషయంలో షరీఅత్ తీర్పు స్పష్టంగా ఉంది. హజ్రత్ హింద్ (రజి) దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి, తన భర్త అబూ సుఫ్యాన్ పిడికిలి విప్పని మనిషని, తనకూ పిల్లలకూ సరిపడినంత ఇవ్వడని మొరపెట్టుకున్నారు. ఆయనకు తెలియకుండానైనా, ధర్మబద్ధంగా తనకూ పిల్లలకూ సరిపోయినంత తీసుకోవడానికి దైవప్రవక్త (స) ఆమెకు అనుమతించారు. సర్దుకుపొమ్మని ఆమెను తిప్పి పంపలేదు. తన భార్యాబిడ్డలపై మనిషి వెచ్చించే ధనం గొప్ప పుణ్యాన్ని సంపాదించే ధనమని కూడా వారు బోధించారు. కాబట్టి ఇంట్లో పాలూ పండ్లూ తగ్గించి దాన్ని పొదుపు అనేవారు, తమ టీ కొట్టు ఖాతానూ సిగరెట్ల లెక్కనూ ముందుగా చూసుకోవాలి. పనిమనిషి జీతంలో యాభై రూపాయలు కోసుకోవడం పొదుపు కాదు. ఎండలో తోపుడు బండి నెట్టే కూరగాయల అమ్మితో రెండు రూపాయల కోసం పేచీ పెట్టుకుని, షోరూములో అడిగినంత చెల్లించి రావడం పొదుపు కాదు.

మరి దైవప్రవక్త (స) ఇల్లు ఎలా సాగింది? ఇంట్లో వారేం చేసేవారని అడిగినవారికి హజ్రత్ ఆయిషా (రజి) ఇచ్చిన సమాధానం గ్రంథాలలో నమోదై ఉంది. వారు ఇంటివారి పనులలో తోడ్పడేవారు. తమ చెప్పులు తామే బాగుచేసుకునేవారు, తమ దుస్తులు తామే కుట్టుకునేవారు. నమాజు వేళ కాగానే బయలుదేరేవారు. ఆలోచించండి. చిరిగిన బట్టకు కుట్టు వేయడం ఆడవారి పని అని మనం అనుకుంటున్నాము. సర్వలోకాలకు కారుణ్యంగా పంపబడిన ప్రవక్త (స) చేతిలో సూది ఉంది. ఒకనాడు రొట్టెలోకి నంజుకోవడానికి ఏముందని వారు అడిగారు. సిర్కా తప్ప ఏమీ లేదన్నారు ఇంటివారు. వారు దానినే తెప్పించుకుని, సిర్కా ఎంత మంచి ఆధరువు అని మెచ్చుకుంటూ తిన్నారు. వారు ఏనాడూ భోజనానికి వంక పెట్టలేదు. ఇష్టమైతే తినేవారు, లేకుంటే వదిలేసేవారు. ఈ సున్నత్‌ను మన పురుషులు పాటిస్తే చాలు, చీటీ వ్రాసిన సోదరి ఇంట్లో ఫోను బిర్యానీ సగం తగ్గిపోతుంది. నిన్నటి పప్పును ఈరోజు చూసి ముఖం చిట్లించే భర్త ఉన్న ఇంట్లో ఏ ఇల్లాలు పొదుపు చేయగలదు?

పొదుపు ఒక కుండ వంటిది. ఒకరు నీళ్ళు పోస్తుంటే మరొకరు అడుగున చిల్లు పెడితే అది నిండదు. ఈ సత్యాన్ని మన తెలుగు నేల మీద పేద స్త్రీలు ఎంత గట్టిగా చాటారో గుర్తుచేసుకోవడం మంచిది. 1992 ప్రాంతంలో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న గ్రామీణ స్త్రీలు తమ కుటుంబాల కష్టార్జితం ఎక్కడికి పోతోందో లెక్క చూశారు. అది సారా దుకాణానికి పోతోంది. తాము ఎంత గుట్టుగా సంసారం చేసినా ఆ చిల్లు పూడనంతవరకు ప్రయోజనం లేదని గ్రహించి సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. ఉద్యమం రాష్ట్రమంతటా పాకింది. 1993 అక్టోబరు 1 నుండి ప్రభుత్వం సారాను నిషేధించవలసి వచ్చింది. ఆ జిల్లా స్త్రీలే తరువాత రోజుకొక రూపాయి చొప్పున దాచుకునే పొదుపు సంఘాలను నిలబెట్టారు. క్రమం గమనించండి. ముందు చిల్లు పూడ్చారు, తరువాత రూపాయి దాచారు. మన ఇళ్ళలో సారా లేకపోవచ్చు, అల్‌హమ్దులిల్లాహ్. కానీ వడ్డీ వాయిదా, క్రెడిట్ కార్డు, నెలకొకసారి మారే మోజు, ఇవీ చిల్లులే. అందులోనూ వడ్డీ అల్లాహ్ నిషేధించిన చిల్లు.

మన ప్రాంతపు యువకులు చాలామంది మేడ్చల్ రహదారి వెంట ఉన్న పెద్ద పెద్ద గోదాముల్లో రాత్రి షిఫ్టులు చేస్తున్నారు. పెట్టెలు కట్టి, టేపు వేసి, లారీలకు ఎక్కిస్తున్నారు. తెల్లవారాక నిద్రకళ్ళతో ఇంటికి చేరేసరికి అటువంటి పెట్టే ఒకటి వారి ఇంటి గుమ్మంలో దిగుతోంది. రాత్రంతా పెట్టెలు కట్టి సంపాదించిన కూలి పెట్టె విప్పడంలో కరిగిపోతోంది. ఆ పెట్టెలో ఉన్నది అవసరమైన వస్తువే అయితే హలాల్, శుభం. కాని విప్పిన వారానికే మూలన పడే వస్తువు ఎంత ఉందో మీ అటకలను అడగండి.

ఇక పెళ్ళిళ్ళ విషయం. ఇక్కడ మేము మా తప్పును మీ ముందు ఒప్పుకోవలసి ఉంది. కొన్నేళ్ళ క్రితం ఒక సోదరుని కుమార్తె నిఖాహ్ చదవడానికి ఒక ఫంక్షన్ హాలుకు వెళ్ళాము. ఆయన చిన్న మెకానిక్ షెడ్డు నడుపుకునే మనిషి. దీపాలు, పూలు, మూడు రకాల మాంసం, రెండు రకాల మిఠాయి. మేమూ కూర్చుని తిన్నాము. 'బరకల్లాహు' అంటూ చేతులెత్తి దుఆ చేశాము. బయలుదేరేటప్పుడు బండి కోసం హాలు వెనుకకు వెళ్తే, అక్కడ నీలిరంగు డ్రమ్ముల్లోకి బిర్యానీని పారలతో ఎత్తి పోస్తున్నారు. పళ్ళు తగలని ముక్కలు, విరవని రొట్టెలు. హాలు గేటు బయట ఇద్దరు పిల్లలు కూర్చుని ఉన్నారు. మేము తల దించుకుని వెళ్ళిపోయాము. అయిదు నెలల తరువాత ఆ తండ్రి మా ఇంటికి వచ్చారు. చిన్నకొడుకు కాలేజీ ఫీజుకు సహాయం కావాలన్నారు. అప్పు తీర్చడానికి షెడ్డులోని కంప్రెషర్ కూడా అమ్మేశానన్నారు. కొడుకు ఆ ఏడు చదువు మానుకున్నాడు.

ఆ రాత్రి నిఖాహ్ ఖుత్బాలో పొదుపు గురించి ఒక్క వాక్యమైనా మేము పలకలేదు. ముందు వరుసలో ఊరి పెద్దలు కూర్చున్నారు, ఆతిథేయుణ్ణి చిన్నబుచ్చకూడదనుకున్నాము. దాన్ని మర్యాద అనుకున్నాము. నిజానికి అది పిరికితనం. దైవప్రవక్త (స) హజ్రత్ అబ్దుర్ రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)తో ఒక్క గొర్రెతోనైనా సరే వలీమా ఇవ్వమన్నారు. ఆయన మదీనాలో పేరుపొందిన వర్తకుడు. హజ్రత్ సఫియ్యా (రజి)తో తమ వివాహ సందర్భంలో దైవప్రవక్త (స) ఇచ్చిన విందులో ఖర్జూరాలు, జున్ను, నెయ్యి కలిపిన వంటకం ఉంది. రొట్టె లేదు, మాంసం లేదు. శుభం మాత్రం ఉంది. ఇవన్నీ మేము చదువుకున్నవే, విద్యార్థులకు బోధించినవే. చెప్పవలసిన చోట చెప్పలేకపోయాము. అల్లాహ్ మమ్మల్ని క్షమించుగాక! ఇకపై మా చేత నిఖాహ్ చదివించదలచిన ప్రతి తండ్రినీ, ప్రతి వరుణ్ణీ రెండు ప్రశ్నలు అడుగుతాము. ఈ విందుకు అప్పు చేశారా? మిగిలే భోజనం ఎవరికి చేరుతుంది? సమాధానం లేకపోతే ఈ మస్జిదు వరండాలోనే నిఖాహ్ జరిపి, ఖర్జూరం పంచుదాం. మా మాటకు మీరందరూ సాక్షులు.

సోదరులారా! పారేసిన అన్నం మాయమైపోదు. అది ఎవరో ఒకరి ముంగిటికి చేరుతుంది. హైదరాబాదు మహానగరం పారేసే వేల టన్నుల చెత్త నిత్యం ఎక్కడికి వస్తోందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. మనకు ఎంతో దూరంలో లేని జవహర్‌నగర్‌కు వస్తోంది. గాలి ఇటు తిరిగిన రోజున ఆ వాసన ఎటువంటిదో ఆ చుట్టుపక్కల ఉండే పేదలను అడగండి. చెత్త నుండి విద్యుత్తు తీసే కేంద్రాన్ని అక్కడ 2020లో ప్రారంభించారు. కానీ పారేసిన అన్నం నుండి దీపం వెలిగించడం కంటే ఆ అన్నంతో ఒక కడుపు నింపడం మేలు కాదా? పొరుగువాడికి హాని కలిగించని వాడే విశ్వాసి అని నేర్చుకున్నాము. మన కంచంలోని దుబారా మన పొరుగువాడి ఊపిరిలో చేరుతోందంటే, అల్లాహ్ సన్నిధిలో ఏమని జవాబు చెబుతాము?

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ప్రచురించిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచం 105 కోట్ల టన్నుల ఆహారాన్ని వృధా చేసింది. అందులో 60 శాతం ఇళ్ళలోనే జరిగింది. మన దేశంలో ఇళ్ళ నుండి పోయేది తలకు ఏటా 55 కిలోలని అంచనా. తొక్కలు, ఎముకలు కూడా ఆ లెక్కలో చేరి ఉన్నాయి. అయినా చూడండి. అయిదుగురున్న ఇంటికి అది 275 కిలోలు, అంటే 25 కిలోల బస్తాలు పదకొండు. మన రాష్ట్రంలో రేషన్ కార్డుపై మనిషికి నెలకు ఇచ్చే సన్న బియ్యం 6 కిలోలు. మన ఇంటి నుండి పోయే దానిలో సగం ఆపగలిగినా, ఒక్కొక్కరి వాటాలో నాలుగు నెలల రేషన్‌కు పైగా తూకం నిలుస్తుంది.

నీటి సంగతీ అంతే. 2015 చివరి నుండి ఎల్లంపల్లి దగ్గర గోదావరి నీళ్ళు పైపుల్లో నూట ఎనభై కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, మన ఘనపూర్ మీదుగా నగరానికి చేరుతున్నాయి. నది ఎక్కడ, నీ నల్లా ఎక్కడ! దైవప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో వుజూ చేసుకునేవారని హదీసులు చెబుతున్నాయి. నేటి కొలతలో అది ముప్పాతిక లీటరుకు అటూఇటూ. మన హౌజు దగ్గర నల్లా విప్పి, పక్కవాడితో ముచ్చట్లాడుతూ వుజూ చేసే సోదరులు ఒకసారి కింద బకెట్టు పెట్టి కొలుచుకోవాలి. పారే నది ఒడ్డున ఉన్నా నీటిని దుబారా చేయవద్దన్న ఉల్లేఖనం కూడా మనకు ఉంది. బియ్యం కడిగిన నీళ్ళను చెట్టుకు పోసే ఆ సోదరి ఇంట్లో ఉంది, బకెట్ల కొద్దీ నీళ్ళు వదిలే మనం మస్జిదులో ఉన్నాము. ఎవరు ఎవరికి ఖుత్బా చెప్పాలి?

కావున వచ్చే శుక్రవారం లోగా అయిదు పనులు చేద్దాం. అవి పెద్దవి కావు.

మొదటిది పురుషులకు. ఈ వారం రోజులు మీరు చేసిన ప్రతి ఖర్చునూ, టీతో సహా, ఒక పుస్తకంలో వ్రాయండి. భార్య లెక్క అడిగే ముందు మీ లెక్కను ఆమె చేతికివ్వండి. ఇంటి పెద్దరికం అంటే లెక్క అడగడం మాత్రమే కాదు, లెక్క చెప్పడం కూడా.

రెండవది, కొనాలనిపించిన వస్తువును మూడు రోజులు ఆగి కొనండి. నాలుగో రోజున కూడా అవసరమనిపిస్తే, అప్పు లేకుండా కొనగలిగితే, బిస్మిల్లాహ్ అని కొనండి.

మూడవది, వంట చేసేముందు తినేవారిని లెక్కించండి. అయినా మిగిలితే అది పాడయ్యేదాకా ఫ్రిజ్‌లో దాచవద్దు. ఇషా నమాజు లోపు ఎవరికైనా చేర్చండి. ముస్లిమా, హిందువా, బీహారు నుండి వచ్చిన కూలీనా అని చూడవద్దు. అయితే మీరు తినడానికి ఇష్టపడని దాన్ని ఇతరులకు ఇవ్వవద్దు. చెడిన వస్తువును దానంగా ఏరి ఇవ్వవద్దని అల్లాహ్ హెచ్చరించాడు.

నాల్గవది, ముఠ్ఠీ చావల్ కుండను మళ్ళీ తీయండి. పిడికిలికి 50 గ్రాములు పట్టినా, రోజుకు రెండు పూటలకు నెలకు 3 కిలోలు. వంద ఇళ్ళు కలిస్తే 300 కిలోలు. నెలాఖరున దాన్ని మస్జిదుకు తెండి. బస్తా మోసే పని మాకు కొత్త కాదు. మేమే మోస్తాము. ఆ పిడికెడు తీసే చెయ్యి ఒక రోజు అమ్మది, మరో రోజు అబ్బాజాన్‌ది కావాలి.

అయిదవది, మీ కుమారులకు గుండీ కుట్టడం, అన్నం వండడం, తిన్న పళ్ళెం కడగడం నేర్పండి. ఇది ప్రవక్త (స) సున్నత్ అని చెప్పి నేర్పండి. కుమార్తెకు పొదుపు, కుమారునికి మోజు నేర్పే ఇల్లు రేపు మరో ఇంటిలో మరో చీటీని వ్రాయిస్తుంది.

ఓ సోదరీ! మీ చీటీకి మా జవాబు ఇది. పొదుపు మీ ఒక్కరిపై ఫర్జు కాదు. మీ భర్తపైన, మాపైన, ఈ సఫుల్లో కూర్చున్న ప్రతివానిపైన ఉంది. మీరు చేస్తున్నది అల్లాహ్ దృష్టిలో చిన్న పని కాదు. తిరగలి తిప్పి తిప్పి చేతులు బొబ్బలెక్కిన హజ్రత్ ఫాతిమా (రజి) సేవకురాలిని కోరి వచ్చినప్పుడు, దైవప్రవక్త (స) ఆమెకూ హజ్రత్ అలీ (రజి)కీ కలిపి పడుకునేముందు చదువుకోవడానికి తస్బీహ్ నేర్పారు. ఇద్దరికీ నేర్పారు. ఆ ఇంటి శ్రమనూ ఆ ఇంటి ఇబ్బందినీ ఇద్దరివిగానే చూశారు. మీ పోపు అన్నంలో, మీ బొంత కుట్లలో శుభం ఉండుగాక! కాని మీ వాటా ముక్కను మీరు తినండి. మీ ఆకలిని పొదుపు లెక్కలో వేయకండి. అది మీ హక్కు.

ఓ అల్లాహ్! మా సంపాదనను హలాల్‌గా, మా ఖర్చును న్యాయంగా మార్చు. మా ఇళ్ళలో మిగిలేదాన్ని ఆకలిగొన్నవారి ఇళ్ళకు నడిపించు. మా చేతులను దుబారా నుండీ పిసినారితనం నుండీ కాపాడు. మా తల్లులు తినకుండా మాకు పెట్టిన ముద్దలకు నీవే ప్రతిఫలం ప్రసాదించు. చెప్పవలసిన చోట మౌనం వహించిన మా పాపాన్ని మన్నించు. అప్పుల్లో మునిగిన తండ్రులకు దారి చూపించు, ఆగిపోయిన చదువులను తిరిగి నడిపించు. మా మేడ్చల్, శామీర్‌పేట వాసులందరికీ స్వచ్ఛమైన నీరు, గాలి, హలాల్ అన్నం, ఇరుగుపొరుగుల ప్రేమ ప్రసాదించు. ఆమీన్.